పన్నెండు దాటాక రొట్టెలు

మే 5, బుధవారం

ఈ రోజు నుంచి కరోనా కర్ఫ్యూ. పొద్దున ఆరింటికి అంగళ్లు తీయాలట, మధ్యాహ్నం పన్నెండింటికి మూసెయ్యాలట. టీవీలో ఆ మాట వినగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఇడ్లీలవాళ్లకు సరే, పొద్దున్నే బొరుగుల ఉగ్గాని అమ్మే బండికి సరే, కూరగాయలవాళ్లకు సరే. జొన్నరొట్టెలు అమ్మే నేనేం కావాలి? నంద్యాలలో జొన్నరొట్టె తినేది పొద్దు గూకాకే. షుగరున్నవాళ్లు, అన్నం అరగనివాళ్లు, వండుకునే ఓపిక లేనివాళ్లు, అందరూ సాయంత్రం అయిదు దాటాకే వచ్చి నా అంగడి ముందు నిలబడతారు. పన్నెండింటికి మూసెయ్యమంటే అసలు తెరవనే వద్దని అర్థం. ఆ మాటేదో నేరుగా అంటే పోయేది కదా!

ఆటో తోలే మా ఆయన మాత్రం "పోనీలే ప్రేమా, కొన్నాళ్లు రెస్టు తీసుకో" అన్నాడు. దేవసహాయమని పేరు పెట్టుకున్నందుకు ఇదీ ఆయన చేసే సహాయం.

నా దిగులు నాకోసం కాదు. నా దగ్గర రొట్టెలు తట్టే ఆడవాళ్లకోసం. కమలాక్షమ్మ పెద్దమ్మ ఉంది. అరవై దాటిన మనిషి, ఆళ్లగడ్డ నుంచి వచ్చి నా దగ్గర పనిలోనే స్థిరపడిపోయింది. ఎస్తేరు ఉంది, నిన్నగాక మొన్న పెళ్లయిన పిల్ల. మిగతావాళ్లూ అంతే. అందరూ నన్ను నమ్ముకునే ఉన్నారు. నేను లేకపోతే వాళ్లకు దారేది?

మే 6, గురువారం

ఊరుకోలేక పొద్దున్నే తెరిచి చూశాను. తెల్లవారకముందే అందరినీ పిలిపించి, ఎసరు కాచి, వేడి నీళ్లతో పిండి పిసికించి తట్టించాను. పక్కన ఉగ్గాని బండి దగ్గర తిరునాళ్లంత జనం. నా దగ్గర ఈగలు.

ఒకాయన వచ్చి రొట్టెను వేలితో నొక్కి చూశాడు. "పొద్దున్నే రొట్టేందక్కా, రాత్రివి మిగిలినాయా?" అన్నాడు.

"ల్యాదప్పా, రేపటివి" అన్నాను.

ఆయనకు నా వెటకారం తలకెక్కలేదు. పోయి ఉగ్గాని తిన్నాడు.

మే 8, శనివారం

ఆళ్లగడ్డ నుంచి మద్దిలేటి ఫోన్ చేశాడు. ఆయనదీ రొట్టెల అంగడే. మామూలు రోజుల్లో అయితే ప్రేమకుమారి రొట్టె మందమని, తన రొట్టె కాగితమంత పలచనని దారిన పోయేవాళ్లందరికీ చెప్పుకునే మనిషి. ఈ రోజు "అమ్మా, మనం మనం ఒకటి" అంటున్నాడు.

"బ్రాందీ అంగడి గూడా పన్నెండుకే మూస్తాండారు. అయినా వాళ్లకేం బాధమ్మా? తాగేటోడు ముందే కొని పెట్టుకుంటాడు. రాత్రికి తినే రొట్టెను పొద్దున్నే కొని పెట్టుకునేటోడు యాడన్నా ఉండాడా?"

అంత చక్కగా నాకు చెప్పడం రాలేదే అని కుళ్లుకున్నాను. నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఉన్న రొట్టెల అంగళ్లన్నీ కలిసి అర్జీ పెడదామన్నాడు. నంద్యాలలో ప్రేమ్ సాగర్ అని కుర్ర లాయరు ఉన్నాడట, చురుకైనవాడట. ముందు ఇక్కడి పెద్దాఫీసరుకు అర్జీ, ఆయన వినకపోతే హైకోర్టుకు. హైకోర్టు మాట వినగానే నా గుండె ఝల్లుమంది. కానీ బాగుంది కూడా.

మే 10, సోమవారం

లాయరు దగ్గరికి పొద్దున్నే పోయి వచ్చాను. ప్రేమ్ సాగర్ నిజంగానే కుర్రాడు, మాస్కు మీద ఇంకో మాస్కు. అర్జీ చదివి వినిపించాడు. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా పార్శిల్ మాత్రం ఇచ్చుకుంటాం, ఎవరినీ కూర్చోబెట్టం, వేడివేడిగా పెనం మీంచి తీసిందే కట్టిస్తాం అని రాశాడు. చివర్లో ఇంకో వాక్యం: "మా అంగళ్లలో పనిచేసే ఏ ఒక్కరికీ ఇంతవరకు ఈ జబ్బు సోకలేదు."

ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుని విన్నాను. కడుపు చల్లబడింది. అవును, ఏ ఒక్కరికీ సోకలేదు. పొయ్యి దగ్గరుండేవాళ్లకు ఏ రోగమొస్తుంది?

సంతకం పెట్టేటప్పుడు ప్రేమ్ సాగర్ "ఇదంతా ఎవురికోసమక్కా, అంగడి కోసమా?" అని నవ్వాడు. ఆడవాళ్లకోసం అన్నాను. నిజమే చెప్పాను.

మే 11, మంగళవారం

సాయంత్రం షట్టరు సగం దించి లోపల పొయ్యిలు వెలిగించాం. ఆడవాళ్లే అడిగారు. సరే, నేనే అడిగాను, వాళ్లు కాదనలేదు. రెండూ ఒకటే.

తెలిసినవాళ్లు పక్క సందులోంచి వచ్చి షట్టరు కింద నుంచి పట్టుకుపోయారు. పోలీసులు వచ్చి షట్టరును లాఠీతో ఒకసారి మోదారు కానీ, అందులో ఒకతను మా రొట్టె తినేవాడే. "అక్కా, పొగ బయటికొస్తాంది, సూసుకో" అని చెప్పిపోయాడు. అందుకని షట్టరు పూర్తిగా దించేశాం. లోపల నిప్పుల కొలిమే. అయినా అందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చుని తడుతుంటే ఆ చప్పుడు వినడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంగడి బతికే ఉందనిపించింది.

మే 13, గురువారం

ఎస్తేరుకు ఈ రోజు నా చేతిలో మంచి తిట్లు పడ్డాయి. పెనం మీద రొట్టె మాడి నల్లగా బొగ్గయింది, గదంతా పొగ, అందరూ దగ్గుతున్నారు, ఆ పిల్ల మాత్రం దాని ఎదురుగానే దిమ్మెరపోయినట్టు కూర్చుని ఉంది. "ముక్కు యాడ పెట్టుకున్నావే?" అని అరిచాను. "తెలీలేదక్కా" అంది. తెలీకపోవడమేమిటి! ఫోన్లో మొగుడితో కబుర్లు ఎక్కువైపోయాయి, అందుకే ధ్యాస ఉండడం లేదు.

మే 14, శుక్రవారం

ఎస్తేరు రాలేదు. జ్వరమట. ఎండ జ్వరం. ఈ ఎండల్లో పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

మే 15, శనివారం

ఎస్తేరుకు ఎండ జ్వరం తగ్గలేదు. మజ్జిగలో ఉప్పేసుకుని తాగమని చెప్పించాను.

సాయంత్రం షట్టరు దించబోతుంటే కమలాక్షమ్మ పెద్దమ్మ గడప బయటే నిలబడిపోయింది.

"నేను లోపలికి రాను పాపా."

"ఏమి పెద్దమ్మా?"

"ఎండ జొరానికి వాసన పోతాదా? కండ్లముందర రొట్టె మాడి పొగ లేస్తాంటే ఆ పిల్లకు తెలీకపాయ. నువ్వే సూసినావు గదా. తిట్టినావు గూడా."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఆమె వెనక్కి తిరిగి పోయింది. ఆమె వెనకే మిగతావాళ్లూ పోయారు.

అది ఎండ జ్వరమే.

మే 16, ఆదివారం

పాజిటివ్.

చర్చి లేదు. పాస్టరు ఫోన్లోనే ప్రార్థన చేశాడు. ఎస్తేరు పేరు చెప్పేటప్పుడు మా ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, ఏడవడానికి ఒక సాకు దొరికేది. దేవా, ఆ పిల్లను కాపాడు. ముక్కు యాడ పెట్టుకున్నావే అని అడిగిన నోరు ఇది.

మే 17, సోమవారం

అందరం టెస్టు చేయించుకున్నాం. మాకెవరికీ లేదు. ఎస్తేరు ఇంట్లోనే ఉంది, ఆయాసం లేదు, మొగుడే వండి పెడుతున్నాడట. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

కమలాక్షమ్మ పెద్దమ్మతో వాళ్ల వాకిట్లో దూరంగా నిలబడి మాట్లాడాను. అర్జీ సంగతి చెప్పాను, ఆర్డరు వచ్చేస్తుందని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆర్డరొచ్చినా ఆ రూములోకి మేము రాము. కిటికీ ల్యాదు ఏమీ ల్యాదు. ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటాండాము ఆడ."

"మీకోసమే గదా పెద్దమ్మా నేనింత గొడవ పడతాండేది!"

"మాకోసమైతే మమ్మల్ని ఒకమాట అడగాల్సింది."

ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. ఆయనేం చేశాడని?

మే 18, మంగళవారం

ఎవరూ రాలేదు.

మే 19, బుధవారం

ఎవరూ రాలేదు. నేనూ రమ్మనలేదు.

మే 21, శుక్రవారం

పొద్దున్నే మా ఆయన ఆటోలో ఆళ్లగడ్డకు పోయి వచ్చాం. పన్నెండులోగా తిరిగి రావాలి కాబట్టి పరుగే పరుగు. దారిలో శిల్పాలు చెక్కే షెడ్లన్నీ మూసే ఉన్నాయి. సగం చెక్కిన రాళ్లు రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఉన్నాయి. అవి చూస్తే నాకు నా అంగడే గుర్తొచ్చింది. ఈ మధ్య ఏది చూసినా నాకు నా అంగడే గుర్తొస్తోంది.

మద్దిలేటికి ఎస్తేరు సంగతి చెప్పాను. అర్జీలో "ఏ ఒక్కరికీ సోకలేదు" అని ఉంది కదా, ఏం చేద్దామన్నాను. ఆయన కాసేపు గడ్డం గీరుకున్నాడు.

"అర్జీ మీద తేదీ ఏముండాది?"

"పది."

"పదో తేదీకి ఆ పాపకు బాగుండె గదా? అట్లయితే అది అబద్ధమెట్లయితాది? నువ్వు నోరు మూసుకుంటే సాలు. నీ ఒక్కదానివల్ల అందరి పొయ్యిలూ ఆరిపోవాల్నా ఏంది?"

ఆయన చెప్పిందాంట్లో న్యాయం ఉంది. పదో తేదీకి అది నిజమే. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ మాటే నాలో నేను చెప్పుకుంటూ వచ్చాను. పదో తేదీకి నిజమే. మా ఆయనకు వినిపించిందో ఏమో, హారన్ కొట్టాల్సిన పని లేకపోయినా కొట్టాడు.

మే 24, సోమవారం

రేపు సాయంత్రం నాలుగింటికి రమ్మని పెద్దాఫీసరు కబురు పెట్టాడు! లాయరు కాక ఒక్కో ఊరి నుంచి ఇద్దరికి మించి రాకూడదట. ఆ కబురు కాగితమే దారిలో పాసుగా పనికొస్తుందట.

ప్రేమ్ సాగర్ చెప్పడమేమిటంటే, ఆ ఆఫీసరుది కోస్తా, అన్నం తినే ఊరు, జొన్నరొట్టె సంగతి తెలియకపోవచ్చు. "పొద్దున్నే చేసి అమ్ముకోండి" అంటే మన దగ్గర జవాబు ఉండాలి అన్నాడు. జవాబు నేను కనిపెట్టాను. పొద్దున చేసిన రొట్టె ఒకటి, అప్పుడే చేసిన రొట్టె ఒకటి పట్టుకుపోయి ఆయన ముందు పెడితే చాలు. పొద్దుటిది పెంకు, సాయంత్రంది మెత్తన. ఇంకా వాదనేమిటి? ప్రేమ్ సాగర్ "సూపర్ అక్కా" అన్నాడు. మద్దిలేటి కూడా ఫోన్లో ఒప్పుకున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రొట్టె ఎవరు చేస్తారు మరి? సిగ్గు విడిచి కమలాక్షమ్మ పెద్దమ్మ వాకిట్లోకి పోయాను. అంగట్లోకి రావద్దు, మీ ఇంట్లోనే చేసివ్వు, నాతోపాటు ఆఫీసుకు రా అన్నాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "ఇప్పుడు అడిగినావు, వస్తాలే" అంది.

మే 25, మంగళవారం

ఈ రాత్రే అంతా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కిటికీలన్నీ తెరిపించి, మమ్మల్ని దూరదూరంగా కూర్చోబెట్టాడు. పక్కన ఒక పోలీసు ఎస్సై. ప్రేమ్ సాగర్ బాగానే మాట్లాడాడు. ఆఫీసరు అర్జీ చివరిదాకా చదివి, చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి నన్ను చూశాడు.

"అమ్మా, మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరికీ రాలేదు కదా?"

పదో తేదీకి రాలేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మద్దిలేటి నన్నే చూస్తున్నాడు. పక్కన కమలాక్షమ్మ పెద్దమ్మ మాత్రం నన్ను చూడలేదు, తన ఒళ్లో ఉన్న రొట్టెల మూటనే చూసుకుంటోంది. ఆమె చూసి ఉంటే నేను అబద్ధం చెప్పేదాన్నేమో. చూడకపోయేసరికి చెప్పలేకపోయాను.

"వచ్చింది సార్. ఎస్తేరని ఒక పిల్లకు. షట్టరు దించి పని చేయించినాము. నేనే చేయించినాను. ఇప్పుడు బాగుండాది."

మద్దిలేటి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ప్రేమ్ సాగర్ ముఖం రెండు మాస్కుల వెనక ఎలా ఉందో తెలియదు కానీ, కళ్లు మాత్రం చూడలేకపోయాను. ఆఫీసరు ఫైలు మూసేశాడు.

"చూశారా? అందుకే అమ్మా మూయమనేది. ఊరికే మూయిస్తామా? పొద్దున్న పూట తలుపులు తీసి అమ్ముకోండి. దానికి అభ్యంతరం లేదు కదా?"

అప్పుడు లేచింది కమలాక్షమ్మ పెద్దమ్మ. మూట విప్పి, ఒక రొట్టె తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "ఇది పొద్దున చేసింది సార్" అని మధ్యకు వంచింది. పెళ్లుమని విరిగి ముక్కలు ఆయన కాగితాల మీద పడ్డాయి. ఇంకో రొట్టె తీసి నాలుగు మడతలు పెట్టింది. చేతిరుమాలు లాగా మడత పడింది. ఆవిరి కూడా వస్తోంది. ఆఫీసరు దాన్ని ముట్టుకుని చూశాడు.

"ఇది ఎప్పుడు చేశారు?"

నేను గర్వంగా చెప్పాను. "ఇప్పుడే సార్! వచ్చేముందు, వేడివేడిగా!"

అనగానే ఎస్సై తల ఎత్తాడు. "ఇప్పుడేనా? కర్ఫ్యూలోనా?"

దేవా! సాక్ష్యం పట్టుకుపోయి మమ్మల్ని మేమే పట్టిచ్చుకున్నాం. ఊరంతటికీ తెలివి పంచేదాన్ని, ఈ మాత్రం తట్టలేదు. లాయరుకూ తట్టలేదు, మద్దిలేటికీ తట్టలేదు. అందరం రొట్టె మెత్తదనం గురించే ఆలోచించాం కానీ గడియారం గురించి ఎవరం ఆలోచించలేదు.

కమలాక్షమ్మ పెద్దమ్మ బెదిరిపోయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసింది. "అంగట్లో కాదు సార్! తప్పయిపాయ సార్! మా ఇంట్లో సార్, మా పొయ్యి మీద! నేనొక్కదాన్నే కూచ్చోని చేసినా సార్. ఇంట్లో రొట్టె జేసుకునేదానికి గూడా వద్దంటే మేమేం తినేది?"

ఆఫీసరు నవ్వాడు. మొదట ఎస్సైని చూసి నవ్వాడు, తర్వాత విరిగిన రొట్టె ముక్క కాగితాల మీంచి తీసి పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు. "మీ దగ్గర చేసేవాళ్లందరికీ ఇళ్లలో పొయ్యిలున్నాయా?" అని అడిగాడు. జొన్నరొట్టె తట్టడం రాని ఇల్లు మా వైపు లేదు సార్ అన్నాడు మద్దిలేటి, అవకాశం దొరికిందే చాలని.

ఆర్డరు వచ్చింది. అంగడి తెరవడానికి వీల్లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు, ఒంట్లో బాగున్నవాళ్లు మాత్రమే, సాయంత్రం రొట్టెలు చేయవచ్చు. ఊరికి రెండు ఆటోలకు పాసులు. ముందుగా జబ్బుతో ఇళ్లలో ఉన్నవాళ్లకు, తర్వాత మిగతావాళ్లకు గడప దగ్గరే అందించి రావాలి. ఇది నంద్యాలకూ ఆళ్లగడ్డకూ.

బయటికి వచ్చాక మద్దిలేటి ఎగిరి గంతేశాడు. "గెలిచినాం గదమ్మా!" అన్నాడు. ఇంతకుముందు నా మీద పళ్లు నూరిన మనిషేనా అనిపించింది. కమలాక్షమ్మ పెద్దమ్మ ఆటోలో కూర్చుని మిగిలిన రొట్టె తింటోంది. నాకూ ఒక ముక్క ఇచ్చింది. తినకుండా చేతిలోనే పెట్టుకున్నాను.

మే 26, బుధవారం

గెలిచాం. అందరూ అదే అంటున్నారు.

ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకుంటే ఇక అంగడెందుకు? అంగడి లేకపోతే నేనెందుకు? ఇంత పోట్లాడి, నన్ను నేనే పక్కకు తోసుకునే ఆర్డరు తెచ్చుకున్నాను. పైగా సంతోషించాలట.

నాకోసం కాదు, నాకోసం కాదు అని ఎన్నిసార్లు రాశానో! నాకోసమే. ఒప్పుకుంటే ఏం పోయింది, ఇది చదివేది నేనే కదా.

మే 29, శనివారం

మా ఆయన ఆటో సాయంత్రాలు తిరుగుతోంది. ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు తీసుకుని, జబ్బున్న ఇళ్ల గడపల మీద పెట్టి, హారన్ కొట్టి వచ్చేస్తాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతారట. ఒకావిడ పది రోజులుగా ఏమీ నోటికి పెట్టనిది, రొట్టె, పచ్చికారం తిని ఏడ్చిందట. అది చెబుతూ ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. నేను ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటున్నాను. ఆ ఒక్క పని మిగిలింది నాకు.

జూన్ 2, బుధవారం

ఫోన్లో ఒకాయన: "కమలాక్షమ్మగారివే పంపించక్కా. నిన్న వేరేవాళ్లవి వచ్చినాయి."

అన్నేళ్లు నా అంగట్లో అమ్మితే ఏ రొట్టె ఎవరు తట్టారో ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు ఎవరింటి పొట్లం వాళ్ల పేరు మీదే పోతుంటే అందరికీ పేర్లు తెలిసిపోయాయి. నేను పుల్లవిరుపుగా "అన్నీ ఒకటేనప్పా" అన్నాను. అన్నీ ఒకటి కాదని నాకు తెలుసు. ఆమె చెయ్యే వేరు.

జూన్ 6, ఆదివారం

ఎస్తేరు ఫోన్ చేసింది. పక్కింట్లో తాలింపు పెడుతుంటే కరివేపాకు వాసన తెలిసిందట! "అక్కా, తెలుస్తాంది అక్కా, తెలుస్తాంది!" అని అరుస్తోంది. నేనూ ఇక్కడ అరిచాను. మా ఆయన ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. ఆ పిల్లను క్షమించమని అడిగాను. "దేనికక్కా?" అంది. నిజంగానే మర్చిపోయిందో, మర్చిపోయినట్టు నటించిందో. స్తోత్రం దేవా.

జూన్ 12, శనివారం

ఇంట్లో నేనొక రొట్టె తట్టి చూశాను. ఏళ్లయింది పిండి ముట్టుకుని. కౌంటరు దగ్గర కుర్చీలో కూర్చోవడం అలవాటై చేతికి ఆ వాటం పోయింది. అంచులు చీలాయి, పెనం మీద వేసేటప్పుడు రెండయింది. మా ఆయన "మ్యాపులా ఉండాది" అన్నాడు. తినమన్నాను. తిన్నాడు, పాపం.

జూన్ 21, సోమవారం

సాయంత్రం ఆరు దాకా తెరుచుకోవచ్చట. ఆరు దాటాకే కదా నా బేరం ఊపందుకునేది! కానీ ఈసారి ఒళ్లు మండలేదు. ఆస్పత్రుల్లో బెడ్లు ఖాళీ అవుతున్నాయంటున్నారు. అది చాలు.

జులై 1, గురువారం

ఈ రోజు నుంచి రాత్రి దాకా తెరవొచ్చు. పొద్దున్నే పోయి తాళం తీశాను. మేస్త్రీని పిలిపించి వెనక గోడకు కిటికీ కొట్టించాను. అతను సుత్తి పెట్టి కొడుతుంటే వెలుతురు లోపలికి పడింది, గది ఇంత పెద్దదా అనిపించింది. పొయ్యిలు దూరదూరంగా జరిపాను. అందరికీ కబురు పెట్టాను. రమ్మని చెప్పలేదు, వస్తారా అని అడిగాను.

సాయంత్రానికి ఇద్దరు వచ్చారు. ఎస్తేరు ఇంకా నీరసంగా ఉంది, వచ్చే వారం వస్తానంది. మరొకామె ఇంటి దగ్గరే గిరాకీ బాగుంది, రానంది. కమలాక్షమ్మ పెద్దమ్మ నుంచి జవాబే లేదు.

ఆరింటికి ఫోన్ మోగింది. "రొట్టెలు కావాల. కమలాక్షమ్మవి ఉండాయా?"

లేవని చెప్పి, ఉన్నవే కట్టించి పంపించొచ్చు. అలాగే చేద్దామని నోరు తెరిచాను. "ఆమె ఈడ లేదప్పా. ఆమె నెంబరు చెప్తా, రాసుకో" అన్నాను. నెంబరు చెప్పాను. తర్వాత ఇంకొకరు అడిగారు, వాళ్లకూ చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుందనుకున్నాను. అలా లేదు. కాళ్లు తేలికగా ఉన్నాయి.

కాసేపటికి ఆమే ఫోన్ చేసింది, గొంతు చించుకుంటూ.

"ఎవురు సెప్పినారు నీకు నా నెంబరు ఊరందరికీ ఇమ్మని? ఫోన్ మీద ఫోను! ఒక్కదాన్ని ఎన్ని తట్టేది, నా చేతులేమన్నా ఇనుమా? పిండి తీసుకోని బిరీన రా!"

"నేనా?"

"నువ్వు కాకపోతే నీ మొగుడా?"

అంగడి ఆ ఇద్దరికీ అప్పగించి, పిండి డబ్బా పట్టుకుని పోయాను. ఆమె వరండాలో ఇంకో పొయ్యి వెలిగించి పెట్టి ఉంది. నా వైపు చూడకుండానే చెంబుడు నీళ్లు నా ముందుకు తోసింది. కూర్చున్నాను. మొదటిది చీలింది. రెండోది చీలింది. ఆమె తన చేతిని నా చేతి మీద పెట్టి, మణికట్టు ఇలా తిప్పాలని చూపించింది.

వాకిట్లో ఎవరో పార్శిల్ కోసం వచ్చి నిలబడ్డారు. మాస్కు పెట్టుకున్న నన్ను గుర్తుపట్టలేదు. "కొత్తామెనా అవ్వా?" అని అడిగారు.

"ఆఁ, కొత్తామే" అంది పెద్దమ్మ. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాంది. బాగా చేస్తాదిలే."

నేను తల ఎత్తలేదు. పెనం మీద రొట్టె పొంగుతోంది, అది మాడిపోకుండా తిప్పాలి.